సన్నని మనిషి గుండె

దొడ్డబళ్ళాపురం,
11 ఫిబ్రవరి 2024.

ఎస్తేరక్కకు,

ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. మా ఇంటి గోడకు ఆనుకునే మగ్గాల షెడ్డు. ఆ ఎనిమిది మరమగ్గాల చప్పుడులో నా మాట నీకు సగం, నీ మాట నాకు పావు వినిపిస్తాయి. పైగా పక్కన ఎవరో ఒకరు ఉంటారు. పెళ్ళయి బెంగళూరు కాటన్‌పేట వదిలిన నాటి నుంచీ మనం నిజాలు కాగితం మీదే చెప్పుకుంటున్నాం. ఇదీ కాగితం మీదే చెబుతాను.

నెల రోజులుగా నాకు ఆయాసం. నూలు బుట్ట ఎత్తుకుని మేడ ఎక్కితే నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతున్నాను. రొమ్ము మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కినట్టు ఉంటుంది. కాసేపు కూర్చుంటే పోతుంది. నిన్న మా ఆయన ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మహానుభావుడు నా చెయ్యి కూడా పట్టుకోలేదు. కింది నుంచి పైకి ఒకసారి చూశాడు, అంతే.

"గాలి వీస్తే ఎగిరిపోయేటట్లు ఉండావు, నీకు గుండె జబ్బు ఎక్కడిదమ్మా? గ్యాసు. ఈ వయసు ఆడోళ్ళకి మామూలే" అన్నాడు.

"మా నాయన యాభై నాలుగో ఏట గుండె ఆగి పోయినాడు సార్. ఆయనా నా మాదిరే సన్నంగా ఉండె" అన్నాను. "నాకు షుగరు కూడా అంచులో ఉండాదని..."

నా మాట పూర్తి కాకముందే చీటీ రాసి గంట కొట్టాడు. బయటికొచ్చాక మా ఆయన నవ్వుతూ, "నేను చెప్పలా? సుమ్నె, ఊరికే భయపడతావు" అన్నాడు.

అక్కా, నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆడపడుచు సుశీల కాస్త లావు. ఆమె తలనొప్పని పోయినా ఈ డాక్టరు "ముందు బరువు తగ్గు" అంటాడు. నేను ఊపిరాడటం లేదని పోతే "నీకేం జబ్బు" అంటాడు. ఆయన జబ్బును ఒంట్లో వెతుకుతాడా, చీర కట్టులో వెతుకుతాడా?

నువ్వు ఇరవై ఎనిమిదేళ్ళుగా నర్సువి. నువ్వు చెప్పు. రెండేళ్ళ కింద దగ్గు తగ్గకపోతే మీ ఆస్పత్రిలోనే ఛాతీ స్కాన్ తీయించావు కదా. అంతా బాగుందని నువ్వే చదివి చెప్పావు. ఆ ధైర్యంతోనే ఉన్నాను.

నీ
అంబిక

బెంగళూరు,
16 ఫిబ్రవరి 2024.

ప్రియమైన అంబికా,

ప్రార్థన కూడిక నుంచి వచ్చి నీ ఉత్తరం తెరిచాను. అక్కడ దొరికిన శాంతి అంతా ఇక్కడ పోయింది.

ఆ డాక్టరును నా ముందు కూర్చోబెట్టు. గ్యాసు మాత్రలు సంచీలో పెట్టుకుని మా అత్యవసర విభాగానికి వచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో ఆయనకు చెబుతాను. మగవాడు రొమ్ము పట్టుకుంటే స్ట్రెచర్ పరుగెత్తుతుంది. ఆడది పట్టుకుంటే "ఇంట్లో గొడవేమైనా అయిందా?" అని అడుగుతారు. ఒకావిడ దవడ నొప్పని ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, పన్ను పీకించుకుని, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చింది. అప్పటికి గుండె కండ సగం దెబ్బతింది. నువ్వు మీ నాయన సంగతి చెప్పినా ఆయన పెన్ను ఆగలేదంటే, నువ్వు కుర్చీలో ఉన్నా నిన్ను ఆయన చూడలేదన్నమాట. మనిషిని కొలిచేది తూకంతోనూ టేపుతోనూ అయితే వైద్యం చదవడం ఎందుకు, దర్జీ పని చాలు.

నువ్వు వెంటనే రా. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పిని నేను గ్యాసు అనను. ఇక్కడ గుండె డాక్టరుకు చూపిస్తాను. అంతవరకూ బరువులు ఎత్తకు. నొప్పి కూర్చున్నా తగ్గకపోతే ఎవరి అనుమతీ అడగకుండా పెద్దాస్పత్రికి పో.

స్కాన్ సంగతి అడిగావు. అది ఊపిరితిత్తుల కోసం తీసింది. దాన్ని పట్టుకుని కూర్చోవద్దు, బయలుదేరు.

నీ
ఎస్తేరు

దొడ్డబళ్ళాపురం,
19 మార్చి 2024.

ఎస్తేరక్కకు,

నువ్వు రమ్మని రాసినా రాలేదు, తిట్టుకో. పెళ్ళిళ్ళ చీరల ఆర్డర్లు మీద పడ్డాయి. మా ఆయన "ఉగాది అయినాక పోదాంలే" అన్నాడు. మీ ఆస్పత్రి స్కానే బాగుందన్నప్పుడు ఇంకో నెలకు ఏమవుతుందిలే అని నేనూ అనుకున్నాను.

మొన్న బస్టాండు దగ్గర కూరగాయలు కొని వస్తున్నాను. ఎడమ దవడ కింద లాగడం మొదలైంది. ఆ తర్వాత చెయ్యి. చెమటతో రవిక తడిసిపోయింది. పూలమ్మే ఆమె తన గోనె మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "యాకమ్మా, ఏమైంది? ఎవురికి ఫోన్ చేయాల?" అని అడిగింది. పేరూ ఊరూ తెలియని మనిషి, ఆమె నా చెయ్యి పట్టుకుంది చూడు. డిగ్రీ ఉన్నవాడు పట్టుకోలేదు.

మా ఆయన పరుగున వచ్చి ఇంకో క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. అప్పటికి నొప్పి తగ్గింది. ఈసీజీ తీసి, బాగానే ఉందన్నారు. అక్కడి డాక్టరు కుర్రవాడు. నాతో కాదు, మా ఆయనతో మాట్లాడాడు. "టెన్షన్ సార్. యోగా చేయించండి." నేను అక్కడే కూర్చున్నాను, అక్కా! నా గుండె గురించి మా ఆయనకు చెబుతున్నాడు, మగ్గం రిపేరు గురించి యజమానికి చెప్పినట్టు.

"సార్, గుండె నాది. నాతో మాట్లాడండి" అన్నాను. ఆయన మా ఆయన వైపు చూసి, "చూశారా, ఇదే టెన్షన్" అన్నాడు.

ఆ పాత స్కాన్ కాగితం వెతికాను, దొరకలేదు. దాంట్లో గుండె గురించి ఏమైనా రాశారా? పోయినసారి నువ్వు సరిగ్గా చెప్పలేదు.

నీ
అంబిక

బెంగళూరు,
22 మార్చి 2024.

అంబికా,

ఫోన్ చేస్తే మీ ఆయన మునినారాయణప్ప ఎత్తి "బాగానే ఉండాది, నిద్రపోతా ఉండాది" అన్నాడు. అందుకే మా ఆయన శామ్యూల్ చేతికి ఈ ఉత్తరమిచ్చి కారు పంపిస్తున్నాను. చదివిన వెంటనే ఎక్కు. బట్టలు సర్దుకోవద్దు. ఉగాది అనొద్దు, ఆర్డర్లు అనొద్దు. డాక్టరుతో మాట్లాడి ఉంచాను, మంచం ఖాళీగా పెట్టారు.

మిగతా సంగతులు తర్వాత.

ఎస్తేరు

దొడ్డబళ్ళాపురం,
14 ఏప్రిల్ 2024.

ఎస్తేరక్కకు,

ఇంటికి వచ్చి రెండు వారాలైంది. ముఖ్యమైన నాళం తొంభై పాళ్ళు మూసుకుపోయిందట. స్టెంటు వేసి తెరిచారు. ఇంకో వారం ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసే మనిషి ఉండేది కాదట. కారు పంపింది నువ్వే. అది నేను మరిచిపోను. ముందు అది రాసి, తర్వాత రెండోది రాస్తున్నాను.

ఇంటికి పంపేరోజు గుండె డాక్టరమ్మ నన్ను వార్డులోనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. మంచి మనిషి. నాతోనే మాట్లాడింది. ఒక బొమ్మ తెరిచింది. "ఇది రెండేళ్ళ కిందటి మీ ఛాతీ. గుండె కండకు, దాని మీది సంచికి మధ్య ఈ చార చూడండి. ఇది కొవ్వు. కొంచెం అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. మీకు చాలా మందంగా ఉంది. ఇదిగో ఈ తెల్ల చుక్కలు నాళంలో పేరుకున్న కాల్షియం" అంది.

"నేను ఇంత సన్నంగా ఉండాను కదమ్మా, లోపల కొవ్వెట్ల వస్తాది?" అన్నాను.

"నడుము చూసి దీన్ని చెప్పలేమమ్మా. పైకి సన్నగా ఉన్నవాళ్ళలోనూ లోపల చేరుతుంది."

"ఈ సంగతి అప్పుడే తెలుసా మీకు?"

ఆమె ఆశ్చర్యపోయింది. "రిపోర్టు చివర రాశారు కదా. గుండె వైద్యుడికి చూపించమని కూడా ఉంది. మీకు ఎవరూ చెప్పలేదా?"

నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు. నేను నీ వైపు తిరిగాను. నువ్వు గబగబా వెళ్ళి పక్క మంచం మీద దుప్పటి సర్దడం మొదలుపెట్టావు. ఆ మంచంలో ఎవరూ లేరు, అక్కా.

ఆ రిపోర్టు నా చేతికి రాకముందు నీ చేతిలో ఉంది. ఆ వాక్యాలు నువ్వు చదివావా, చదవలేదా? ఒక్క మాట రాయి.

అంబిక

బెంగళూరు,
20 ఏప్రిల్ 2024.

అంబికా,

చదివాను.

ఆ రోజు ఛాతీ డాక్టరు రిపోర్టు మొదటి పేజీ చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నేను రెండో పేజీ తిప్పాను. చివర రెండు వాక్యాలు. అర్థం కాకపోవడమేమీ లేదు, బాగానే అర్థమయ్యాయి. తలెత్తి చూశాను. వరండా బెంచీ మీద నువ్వు ఇడ్లీ పొట్లం విప్పుకుని కూర్చున్నావు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఈమెకు కొవ్వేమిటి అనుకున్నాను. దగ్గుతో నెల రోజులు నలిగిన మనిషిని మళ్ళీ భయపెట్టడం ఎందుకనుకున్నాను. నీ దగ్గరికి వచ్చి "అంతా బాగుంది" అన్నాను. నువ్వు నాకు ఒక ఇడ్లీ పెట్టావు. తిన్నాను.

ఇంతే అయితే పొరపాటని చెప్పుకునేదాన్ని. ఇంకొకటి ఉంది. ఫిబ్రవరిలో నీ మొదటి ఉత్తరం చదివి, ఆ ఊళ్ళో డాక్టరును తిట్టడానికి కూర్చునే ముందు ఆస్పత్రిలో నీ పాత రిపోర్టు తెరిచి చూశాను. ఆ రెండు వాక్యాలు అక్కడే ఉన్నాయి. అయినా నీకు రాసిన జవాబులో వాటిని దాటేశాను. వెంటనే రమ్మన్నాను కానీ ఎందుకు రావాలో చెప్పలేదు. వస్తే ఎలాగూ చూపిస్తాం కదా, నా తప్పు బయటపడకుండానే నీకు వైద్యం జరిగిపోతుంది అనుకున్నాను. నీ రెండో ఉత్తరం వచ్చాకే కారు పంపాను.

ఆయన నిన్ను కింది నుంచి పైకి చూశాడని రాశావు. నేను చూసిన చూపు అదే. ఆయన ముందు కాగితం లేదు. నా చేతిలో ఉంది.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఎస్తేరు

దొడ్డబళ్ళాపురం,
27 ఏప్రిల్ 2024.

ఎస్తేరక్కకు,

రెండేళ్ళ కిందటిది పొరపాటు. ఫిబ్రవరి నుంచి కారు పంపేదాకా ఐదు వారాలది అబద్ధం. రెంటినీ ఒకే కాగితంలో పెట్టి నాకు పంపితే నేను ఒకటిగా తీసుకోను.

"గుండె నాళాల్లో మచ్చలున్నాయని రిపోర్టులో ఉంది" అని ఆ ఫిబ్రవరిలో ఒక్క మాట రాసి ఉంటే నేను ఉగాది దాకా ఆగేదాన్నా? మా ఆయన మొహాన ఆ ఉత్తరం పడేసి బస్సెక్కేదాన్ని. నా చేతిలో ఆధారం లేదు, అందుకే అందరూ టెన్షన్ అన్నారు. ఆధారం నీ దగ్గర ఉంది. నీ పరువు కోసం దాన్ని దాచుకుని, నాకు జాగ్రత్తలు రాశావు. దర్జీ అని ఆయన్ని వెక్కిరించావు కూడా!

భయపెట్టడం ఎందుకనుకున్నావట. నన్ను ఎవరు అడిగారు? మా నాయన శవాన్ని పదహారేళ్ళ వయసులో చూసినదాన్ని. ఆ రోజు మీ అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు. నేను దేన్ని తట్టుకోగలనో, దేన్ని తట్టుకోలేనో నీకు తెలియదా? ఆ డాక్టర్లకు నేను ఎవరో తెలియదు. నీకు తెలుసు. అందుకే వాళ్ళ మీద వచ్చిన కోపం రెండు రోజుల్లో తగ్గింది. నీ మీది కోపం తగ్గడం లేదు.

మా ఆయన కూడా నీలాగే తల దించుకుని తిరుగుతున్నాడు. పొద్దున రాగి జావ కాచి తెస్తున్నాడు. తాగుతున్నాను, మాట్లాడటం లేదు. మీ అందరి పశ్చాత్తాపం మొయ్యడం కూడా నా పనేనా? బరువులు ఎత్తవద్దన్నారు నన్ను.

కొన్నాళ్ళు రాయవద్దు.

అంబిక

బెంగళూరు,
8 జూలై 2024.

అంబికా,

రాయవద్దన్నావు. రెండు నెలలు ఆగాను. ఇది క్షమాపణ ఉత్తరం కాదు, జరిగింది చెప్పే ఉత్తరం. చదవకుండా చించేసినా సరే.

మే నెల మొదట్లో మా సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఆ వాక్యాలు చివర రాసి ఊరుకున్నవాళ్ళు, మొదటి పేజీతోనే సంతకం పెట్టినవాళ్ళు, రోగికి దాచిన నర్సు, అందరి తప్పూ రాసి, నర్సు చోట నా పేరు పెట్టాను. ఆయన తలుపు మూయించి కూర్చోబెట్టాడు.

"సిస్టర్, మీ ఫ్రెండ్ బతికింది కదా. ఇంక ఇది ఎందుకు? రిటైర్మెంట్ దగ్గర్లో పెట్టుకుని మీ మీద మీరే రాసుకుంటారా? వెనక్కి తీసుకోండి."

"నా ఫ్రెండు కనక నాకు తెలిసింది సార్. నాకు ఫ్రెండ్సు కాని వాళ్ళ రిపోర్టుల్లో రెండో పేజీ ఎవరు తిప్పారు?" అన్నాను.

"ప్రతి చిన్న వాక్యానికీ మనుషుల్ని పిలిపిస్తే ఆస్పత్రి నడుస్తుందా?"

నాకు నోరు లేస్తుందని ఈ వయసులో తెలిసింది. "ఆ వాక్యం రాయడానికి జీతం తీసుకుంటున్నారు, సార్. చదవడానికి ఎవరూ లేకపోతే ఎందుకు రాయించడం? గోడకు చెప్పడానికా?" అన్నాను. గుమాస్తా తలుపు తీసి చూశాడు, అంత గట్టిగా అరిచానట.

నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. న్యాయమే, తీసుకున్నాను. వార్డు నుంచి రికార్డుల విభాగానికి మార్చారు. కానీ మీ డాక్టరమ్మ నా వెంట నిలబడింది. ఇద్దరం పట్టుబడితే, మూడేళ్ళ ఛాతీ స్కాన్లలో ఇలాంటి మాట ఉన్నవన్నీ తీయడానికి ఒప్పుకున్నారు. ఆ మనుషులకు ఫోన్ చేసే పని నాకిమ్మని అడిగాను.

చాలామంది వచ్చి చూపించుకున్నారు. కొందరు విసుక్కున్నారు. ఒక ఇంట్లో భర్త ఎత్తాడు. ఆమె పోయి ఎనిమిది నెలలైందని చెప్పాడు. ఆయన తిట్టలేదు. "ఏం రాసి ఉందమ్మా దాంట్లో?" అని అడిగాడు. చదివాను. "ఇంకోసారి చదవండి" అన్నాడు. చదివాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రెండేళ్ళ కింద ఆ బెంచీ దగ్గర నీకు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను. గుండె మీది కొవ్వు ఊరికే ఉండే పొర కాదు. గుండెకు రక్తం ఇచ్చే నాళాలు దాంట్లోంచే వెళ్తాయి. కొంచెం ఉంటే గుండెకు కాపు, అవసరానికి శక్తి. ఎక్కువైతే వాపు పుట్టించే పదార్థాలను ఆ నాళాల్లోకే వదులుతుంది. అది ఉన్నంత మాత్రాన గుండెపోటు వచ్చి తీరుతుందని కాదు. కానీ నీకు షుగరు అంచున ఉంది, మీ నాయన అలా పోయాడు, నెలసరి ఆగింది, నాళంలో కాల్షియం కనబడింది. ఇన్నీ కలిపి చూస్తే ఆ రోజే నిన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇప్పుడైనా రోజూ నడిస్తే, తిండి సర్దుకుంటే, మాత్రలు మానకుండా వేసుకుంటే ఆ కొవ్వు తగ్గే వీలుంది. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

ఇదంతా రెండు నిమిషాల మాట. ఆ రోజు ఇడ్లీ తినడానికి పట్టినంత సమయం కూడా కాదు.

ఎస్తేరు

దొడ్డబళ్ళాపురం,
19 ఆగస్టు 2024.

ఎస్తేరక్కకు,

చించలేదు. నాలుగుసార్లు చదివాను. భార్యను పోగొట్టుకున్న ఆయన దగ్గర నాలుగుసార్లూ ఆగాను.

రోజూ పొద్దున నడుస్తున్నాను. మా ఆయన వెంట వస్తాడు. మొదట్లో వెనక నడిచేవాడు, ఇప్పుడు పక్కన నడుస్తున్నాడు. "నేను ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు పోయిన వారం. "అవును, ఉండాల్సింది" అన్నాను. అంతే. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకుంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. మా షెడ్డులో నూలు కండెలు చుట్టే గంగమ్మ నీకు తెలియదు. నలభై ఆరేళ్ళు. నాకంటే సన్నం. శుక్రవారం పని మధ్యలో రొమ్ము పట్టుకుని గోడకు ఒరిగింది. అడిగితే పదిహేను రోజులుగా ఉందట, ఊళ్ళో డాక్టరు గ్యాసు మాత్ర ఇచ్చాడట. ఏ డాక్టరో చెప్పనక్కర్లేదు కదా. మగ్గాలు ఆపించాను. ఎనిమిదీ ఒకేసారి ఆగేసరికి వీధిలో వాళ్ళు ఎవరో పోయారనుకుని వచ్చారు. గంగమ్మను ఆటోలో ఎక్కించుకుని నేరుగా ఆయన దగ్గరికే పోయాను.

నన్ను గుర్తుపట్టలేదు. గంగమ్మను కింది నుంచి పైకి చూశాడు.

"మళ్ళీ వచ్చినావా? గాలి వీస్తే..."

"ఆపండి సార్" అన్నాను. "ఆ మాట నాకు ఫిబ్రవరిలో చెప్పినారు. మార్చిలో నా గుండెలో స్టెంటు ఏసినారు. ఇదిగో కాగితాలు. చదవండి. రెండో పేజీ కూడా."

బయట వరుసలో ఉన్న ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేశారు. ఆయన చదివాడు. మొహం ఎర్రబడింది. "అందరికీ ఇట్ల కాదమ్మా" అని గొణిగాడు.

"కాదని చూసి చెప్పండి. చూడకుండా చెప్పొద్దు. ముందు ఆమె చెయ్యి పట్టుకోండి, సార్!"

ఆయన లేచాడు. గంగమ్మ నాడి పట్టుకున్నాడు. బీపీ చూశాడు. వాళ్ళింట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని అడిగాడు. "మా అక్క పోయినాది సామీ" అంది ఆమె. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదట. ఆయన పెద్దాస్పత్రికి చీటీ రాసి నా చేతికివ్వబోయాడు. ఆమె చేతికివ్వమన్నాను.

శనివారమే ఆమెను మా ఆయన బెంగళూరు తీసుకొచ్చి మీ డాక్టరమ్మకు చూపించాడు. నీకు చెప్పవద్దని నేనే అన్నాను, అప్పటికి నా మనసు ఇంకా కుదురుకోలేదు. ప్రాణానికి ఇప్పటికిప్పుడు భయం లేదట, మాత్రలు మొదలుపెట్టారు. స్కాన్ తీశారు, రిపోర్టు బుధవారం ఇస్తారట.

నిన్ను క్షమించానా అని నన్ను అడగకు. కోపం ఉంది. కొన్ని పొద్దులు లేవగానే ఉంటుంది, కొన్ని పొద్దులు సాయంత్రానికి గుర్తొస్తుంది. కానీ ఆస్పత్రిలో కాగితాలు చదివి చెప్పే మనిషి కావాలంటే నాకు నీ పేరే తోచింది. ఆ సూపరింటెండెంటు గదిలో అరిచిన మనిషి పేరు.

బుధవారం గంగమ్మ ఈ ఉత్తరం పట్టుకుని ఒక్కతే వస్తుంది. చదువు రాదు, కన్నడం బాగా వచ్చు, తెలుగు వచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువు. భయపడితే పడనీ. భయపడ్డాక ఏం చేయాలో కూడా చెప్పు. దాంట్లో ఏముందో నాకు ఫోన్ చేసి చెప్పకు.

ఆమెకు చెప్పు.

నీ
అంబిక